డ్రాయరుకు ప్రమోషన్

హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల నోటీసు బోర్డుల మీద ఈమధ్య భాషాసేవ జోరుగా సాగుతోంది. ఒకటో నిబంధన: 'పనిమనిషి' అనరాదు, 'హౌస్‌హెల్ప్' అనవలెను. రెండు: 'ఇన్నర్స్' బాల్కనీలో కనబడరాదు. మూడు: హౌస్‌హెల్ప్ సర్వీస్ లిఫ్టులోనే రావలెను. ఉన్న సంస్కారమంతా మొదటి రెంటికే ఖర్చయినట్టుంది.

ముందు ఇన్నర్స్ సంగతి. తాతలు గోచీ పెట్టుకున్నారు, నాన్నలు కట్‌డ్రాయరు తొడుక్కున్నారు, పిల్లలు చెడ్డీ అన్నారు. బొందు పోయి ఎలాస్టిక్ వచ్చింది, అంతే. ఇప్పుడు దాన్ని పేరు పెట్టి పిలవకూడదు, ఎవరికంటా పడనివ్వకూడదు. మరి ఆరెయ్యడం ఎలా? దండెం మీద ముందు ఇన్నర్ వేసి, పైన తువ్వాలు కప్పి, తువ్వాలు ఎగరకుండా అటొక క్లిప్పు, ఇటొక క్లిప్పు. ఇక ఎండ తగలదు, గాలాడదు. నడుం పట్టీ తెల్లారేసరికీ చెమ్మగానే ఉంటుంది. ఆ చెమ్మతోనే ఆఫీసుకి. కొన్నాళ్ళకి గజ్జల్లో గుండ్రంగా ఎర్రటి మచ్చలు. తామర! మందుల షాపులో ఆ మాటా నోట రాదు, "స్కిన్ క్రీమ్ ఇవ్వండి" అంటారు. షాపతను స్టీరాయిడ్ కలిపిన ట్యూబు చేతిలో పెడతాడు. నాలుగు రోజులు దురద తగ్గుతుంది, ట్యూబు ఆపగానే రెండింతలు పాకుతుంది. తిరగేసి ఎండలో పడేస్తే తీరే పనికి స్కిన్ డాక్టరు ఫీజు. పోనీండి, పరువు దక్కింది.

ఇక వాటిని ఉతికే మనిషి. అంట్లకో రేటు, ఊడ్చి తడిగుడ్డ పెట్టడానికో రేటు, బట్టలకింకో రేటు. "లోపలి బట్టలు ఉతకనమ్మా" అని ఆమె మొదటి రోజే చెబుతుంది. "అబ్బే, అవి మేమే ఉతుక్కుంటాం" అంటారు. రెండో వారానికి అవి దుప్పటి మడతల్లో నక్కి బకెట్లోకి వచ్చేస్తాయి, వాటంతటవే. చుట్టాలొస్తే అంట్లు రెట్టింపు, జీతం అంతే. నెలకు రెండు నాగాలు, మూడోదానికి కోత. పండక్కి పాత చీర, అది బోనసు కింద జమకట్టబడును. టీ కూడా ఇస్తారండోయ్, సింకు కింద విడిగా పెట్టిన గ్లాసులో.

నీ గజ్జి గుడ్డ చేత్తో రుద్దిన మనిషి నోరు తగిలితే నీ గ్లాసు మైలపడుతుందా? ఆమె పక్కన నిలబడితే నీ లిఫ్టు అంటుపడుతుందా? ఏం బతుకులయ్యా మీవి!

క్షమించాలి, నిబంధనలకొద్దాం. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం చేసింది. మన దేశం దానికి ఓటేసింది, ధ్రువీకరించడానికి మాత్రం ముహూర్తం కుదర్లేదు. వీళ్ళకో చట్టం సంగతి చూడ్డానికి కమిటీ వెయ్యమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. అసోసియేషన్లు అంత నిదానం కాదు. 'హోమ్ పార్ట్‌నర్' అనే మాట ఇప్పటికే పరిశీలనలో ఉండి ఉంటుంది. పార్ట్‌నర్ అంటే వాటా అడుగుతుందేమోనని ట్రెజరర్ గారొక్కరే ఒప్పుకోవడం లేదేమో.