కర్చీఫు పట్టాకు చట్టబద్ధత కల్పించాలి

భూమి ఎవరిదో తేల్చడానికి ఒక చట్టం తెచ్చుకుని, 2024లో దానిని రద్దు కూడా చేసుకున్న మన రాష్ట్రం, సర్వేయరూ పాసుపుస్తకమూ లేకుండానే ఏళ్ల తరబడి నడుస్తున్న ఒక హక్కుల వ్యవస్థను ఇంతవరకు గుర్తించకపోవడం విచారకరం. విశాఖ ద్వారకా బస్ స్టేషన్‌లో, అంటే మన కాంప్లెక్స్‌లో, శ్రీకాకుళం ఎక్స్‌ప్రెస్ ప్లాట్‌ఫారానికి ఆనకముందే కిటికీలోంచి సీటు మీద పడే కర్చీఫే ఆ హక్కుపత్రం.

దస్తావేజులన్నీ సమానం కావు. కర్చీఫు కన్నా తువ్వాలు, తువ్వాలు కన్నా బరువైన సంచి ఎక్కువ చెల్లుతాయి. కిటికీలోంచి పిల్లవాణ్ణి అందించి కూర్చోబెడితే అది తిరుగులేని స్వాధీనం. ఖాళీ నీళ్ల సీసాను మాత్రం ఎవరూ సాక్ష్యంగా అంగీకరించరు, అది కిందటి ట్రిప్పుదై ఉండవచ్చు. తలుపు దగ్గర జనంతో కుస్తీపట్టి, చొక్కా గుండీ ఒకటి పోగొట్టుకుని పైకెక్కిన మనిషి, ముగ్గురు కూర్చునే సీటు మీద ఈ చివర నుంచి ఆ చివరకు పరిచిన ఒకే ఒక్క తువ్వాలును చూసి, "ముగ్గురూ వస్తున్నారాండీ?" అని గాలిని మర్యాదగా అడిగి, తగరపువలస దాకా నిలబడే వెళతాడు. తువ్వాలు యజమాని అప్పటికింకా స్టాలు దగ్గర టీ తాగుతుంటాడు. ఆస్తి మీద ఆయనకున్న ధీమా అలాంటిది. వివాదం కండక్టరు గారి దాకా వెళితే "మీరూ మీరూ చూసుకోండి" అన్న తీర్పు వెలువడుతుంది. దానిపై అప్పీలు లేదు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవారికి ఛార్జీ లేకుండా పోయాక, ఈ హక్కుపత్రాల్లో చున్నీలూ హ్యాండ్‌బ్యాగులూ చేరాయి. మగవారు దీనిని ఆక్రమణగా అభివర్ణిస్తున్నారు. స్త్రీలకు కేటాయించిన సీట్ల మీద ఇన్నేళ్లూ పరిచి ఉన్నవి ఎవరి కర్చీఫులో వారు ప్రస్తావించరు.

ఇంద్ర, గరుడ బస్సుల్లో అద్దాలే తెరుచుకోవు. అక్కడ ముందుగా డబ్బు కట్టి నంబరు తీసుకున్నవాడిదే సీటన్న అనాగరిక పద్ధతి నడుస్తోంది.

ఒకే సీటుపై రెండు కర్చీఫులు పడినప్పుడు ఏం చేయాలన్నదే మిగిలిన చిక్కు. రికార్డులు మారిపోయి ఒకే స్థలానికి ఇద్దరు యజమానులు తేలడం విశాఖకు కొత్తేమీ కాదు. భూముల వ్యవహారంపై 2017లో ప్రత్యేక దర్యాప్తు బృందం వేసింది ఈ ఊరికోసమే. కనుక కర్చీఫు ట్రిబ్యునల్‌ను కూడా ఇక్కడే, ప్లాట్‌ఫారం మీదే నెలకొల్పాలి. న్యాయమూర్తి గారు వచ్చేలోగా ఆయన కుర్చీలో ఎవరూ తువ్వాలు వేయకుండా ఒక బంట్రోతును కాపలా పెట్టడం అవసరం.