చర్చకు నోచుకోని మురుగు కాలువ తీర్మానం

మా పట్టణ పురపాలక సమావేశంలో ఒక కౌన్సిలర్ అన్న మాటపై క్షమాపణ కోరుతూ సభ్యులు మూడు గంటలు వాదులాడుకున్నారనీ, చివరి పది నిమిషాల్లో అజెండాలోని అంశాలన్నిటినీ చర్చ లేకుండానే ఆమోదించారనీ ఒక పత్రికా కథనంలో చదివి చాలా బాధ కలిగింది. సభ్యుల ప్రవర్తనపై తీర్మానం పెట్టడం తప్పని నేను అనను. సాటి సభ్యురాలిని నిండు సభలో కించపరిచిన మాటను రికార్డుల నుంచి తొలగించాల్సిందే, అన్నవారు విచారం తెలపాల్సిందే. అందుకు పావుగంట చాలు.

అలా చర్చ లేకుండా దాటిపోయిన వాటిలో ఊరి నీరంతా వెళ్లి కలిసే మురుగు కాలువ పూడికతీత ఒకటి. ధవళేశ్వరం నుంచి వచ్చే సాగునీటి కాలువలను వేసవిలో నీరు ఆపి కట్టేసిన ఆ కొద్ది వారాల్లోనే డ్రెయిన్లలోనూ నీరు తగ్గి, గుర్రపుడెక్క తీయడానికీ గట్లు బాగుచేయడానికీ వీలవుతుంది. వానలు మొదలయ్యాక ఈ పల్లపు నేలలో మురుగు కదలదు. అంచనా ఎంత, పని ఎప్పటికి పూర్తవుతుంది, తీసిన మట్టి ఎక్కడ వేస్తారు అని ఒక్కరూ అడగలేదు. పోయినసారి ఆ మట్టిని గట్టు మీదే వదిలేయడంతో తొలి వానకే అది తిరిగి కాలువలో పడింది.

1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు సంబంధించి పేర్కొన్న 18 అంశాల్లో తాగునీటి సరఫరా, పారిశుద్ధ్యం కూడా ఉన్నాయి. కాబట్టి వచ్చే సమావేశంలో ఈ అంశాన్ని మళ్లీ చర్చకు పెట్టాలని మా వార్డు సభ్యురాలిని రాతపూర్వకంగా కోరాను. కాలువలు కట్టేసే లోపే టెండర్లు పిలవాలి.