సవరణ: ఆ వచనం సామెతల్లోది కాదు

ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకుంటున్న క్రైస్తవ కుటుంబాల కోసం నిన్న రాసిన దానిలో, ఇంట కూర్చున్నప్పుడు, త్రోవలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడాలన్న మాట బైబిలులోని సామెతల గ్రంథం 22:6లో ఉందన్నాను. తప్పు నాదే. అది ద్వితీయోపదేశకాండము 6:7. సామెతల్లో ఉన్నది బాలుడు నడవవలసిన త్రోవను నేర్పమనే వచనం. రెండింటిలోనూ ‘త్రోవ’ ఉంది కదా, జ్ఞాపకం మీద రాసి బోల్తాపడ్డాను. ఒక చదువరి చెప్పాక బైబిలు తెరిచి సరిచూసుకున్నాను.

మరొకటి. అది చదివి ఒక తల్లి, పొద్దస్తమానం పాఠాలు చెప్పాలేమోనని బెంగపడ్డారు. నా ఉద్దేశం అది కాదు. ఆ వచనం మాట్లాడేది దేవుని ఆజ్ఞల గురించి, ఎక్కాల గురించి కాదు. భిన్నాలు అరగంటలో అర్థమైపోయిన రోజున లెక్కల పుస్తకం నిశ్చింతగా మూసేయవచ్చు.