ఆ పక్క చక్రాలు ముందు పీకేయండి

పిల్లకాయలకి సైకిల్ కొనే అమ్మానాన్నలకి ఒక దండం. పిల్లలు పడకుండా వెనక చక్రానికి రెండు పక్కలా షాపులో ఫ్రీగా బిగించిచ్చే ఆ చిన్న పక్క చక్రాలు వద్దని చెప్పి రండి. నేను చెప్పలేదు, రెండేళ్లు దండగయ్యాయి.

మా పాప నాలుగో ఏడు నుంచి అపార్ట్‌మెంట్ సెల్లార్లో గడగడమని తొక్కుతుంటే సైకిల్ వచ్చేసిందనే అనుకున్నాం. మొన్న సెలవుల్లో నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌కి తీసుకెళ్లి ఆ చక్రాలు తీసేశా. నాలుగు గజాలు పోయింది. హ్యాండిల్ ఎడమకి తిప్పి, ఒళ్లు కుడికి వాల్చింది. దబ్బున పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ అదే పక్కకి పడింది.

తప్పు దానిది కాదు. పక్క చక్రాలున్న బండి ఒరగదు, రిక్షాలాగా నిటారుగానే మలుపు తిరుగుతుంది. రెండు చక్రాల బండికి ఎడమకి తిరగాలంటే ఎడమకే ఒరగాలి. ఎడమకి పడబోతుంటే హ్యాండిల్ కూడా కాస్త ఎడమకే పోవాలి, అప్పుడే చక్రాలు మళ్లీ మన కిందకి వస్తాయి. ఇది నోటితో చెప్తే రాదు, ఒంటికి తెలియాలి. ఆ ఒక్కటీ వదిలేసి పెడలు తొక్కడం నేర్పుతాయి ఈ పక్క చక్రాలు. అదేమన్నా పెద్ద విద్యా?

కోవూరు దగ్గర మా ఊళ్లో మేం నేర్చుకున్నది గంట లెక్కన అద్దెకిచ్చే పెద్ద సైకిళ్ల మీద. సీటు అందేది కాదు. ఎడమ కాలు పెడలు మీద పెట్టి, కుడి కాలితో నేలని తన్నుకుంటూ కాలవ గట్టు పొడుగునా పోయేవాళ్లం. బండి నిలబడటం తెలిశాకే కడ్డీ సందులోంచి కుడి కాలు దూర్చి సగం సగం తొక్కడం. సీటెక్కడం ఆ తర్వాతెప్పుడో.

అసలు సైకిల్ పుట్టిందే అలా. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ తయారుచేసిన రెండు చక్రాల బండికి పెడళ్లే లేవు, కాళ్లతో నేలని తన్నుకుంటూ పోవడమే. ముందు చక్రానికి పెడళ్లు వచ్చేసరికి 1860లు వచ్చాయి.

అందుకే మర్నాడు పెడళ్లు పీకుదామని కూర్చున్నా. కుడిది వచ్చింది. ఎడమది ఎంత బలంగా తిప్పినా కదల్లేదు. పంక్చర్ షాపు అబ్బాయి చూసి ఒకటే నవ్వు. "అటు కాదక్కా, ఎడంపక్కది ఎదురు మర. బిగించినట్టు తిప్పండి, ఊడొస్తాది." తొక్కేటప్పుడు దానంతటది వదులైపోకుండా అలా చేస్తారంట. ఇన్నేళ్లు తొక్కాను, నాకు తెలీదు!

రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేలా సీటు దించా. పట్టుకోలేదు, వెంట పరిగెత్తలేదు. చక్రం వైపు కాకుండా ముందుకి చూడమని మాత్రం చెప్తూ ఉన్నా. మొదటి రోజు నడిపింది. మూడో రోజుకి కాళ్లు పైకెత్తి జారుతూ పోయింది. వారానికి పెడళ్లు తిరిగి బిగిస్తే, ఎక్కి తొక్కుకుంటూ పోయింది.

నిన్న పై ఫ్లోర్ వదినొచ్చి, "మీ పాప పక్క చక్రాలు ఖాళీగానే ఉన్నాయిగా, మావాడికిస్తారా?" అనడిగింది. పానా ఇచ్చి పంపించా.