సవరణ: కిరోసిన్ వాసన వస్తే రీస్లింగే అనుకోవద్దు

తెల్ల వైన్‌లో కిరోసిన్ వాసన ఉంటే అది రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్షతో చేసినదే అన్న మునుపటి పోస్టులోని వాక్యాన్ని కొట్టేసి చదవండి. ఇటలీలోని పీడ్‌మాంట్‌లో, తోర్తోనా కొండల్లో పండే తిమొరాసో అనే తెల్ల ద్రాక్షతో చేసిన వైన్‌లోనూ ఆ వాసన వస్తుంది, ముఖ్యంగా కొన్నేళ్లు సీసాలో ఉన్నాక. కారణం రెండింటికీ ఒకటే: ద్రాక్షలోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల నుంచి పుట్టే టీడీఎన్ అనే వాసన పదార్థం. 1980ల చివర్లో అక్కడి వైన్ తయారీదారు వాల్టర్ మాస్సా పట్టుబట్టి నిలబెట్టకపోతే తిమొరాసో ద్రాక్ష దాదాపు కనుమరుగయ్యేదే.

కాబట్టి ముక్కుతో కాదు, నోటితో తేల్చాలి. పులుపు రెండింట్లోనూ గట్టిదే. తిమొరాసో నాలుక మీద బరువుగా, చిక్కగా ఉంటుంది, ఆల్కహాల్ తరచూ 13.5–14 శాతం, మింగాక తేనె, బాదం ఛాయ. జర్మనీలోని మోసెల్ రీస్లింగ్ చాలా తేలిక, నిమ్మ వాసన. ఫ్రాన్స్‌లోని అల్సాస్ డ్రై (తీపి లేని) రీస్లింగ్ కాస్త బరువుగానే ఉంటుంది కాబట్టి దాని దగ్గర మాత్రం తడబడటం సహజం. ఫ్రిజ్‌లోంచి తీయగానే రుచి చూడకండి. సుమారు 12 డిగ్రీలకు రానివ్వండి, లేకపోతే వాసనలు అణిగి పులుపొక్కటే తెలుస్తుంది.