‘అనిపించింది’ గారికి ఒక కిరాణా కొట్టువాడి ఉత్తరం

గౌరవనీయులైన ‘అనిపించింది’ గారికి,

ప్రభువు నామమున వందనములు. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమమేనా అని అడగడం దండగ. ఈ రోజుల్లో మీ అంత ఆరోగ్యంగా తిరుగుతున్నవాళ్లు మా మండలంలోనే లేరు.

నన్ను నేను మీకు పరిచయం చేసుకోనక్కర్లేదు, మీ కాపురం నా లోపలే కదా. అయినా నలుగురూ చదివే ఉత్తరం కాబట్టి చెబుతున్నాను. ఒంగోలుకు ఇవతల ఓ పల్లెలో కిరాణా కొట్టు నాది. ఆరు రోజులు కందిపప్పు, చింతపండు, సబ్బుబిళ్లల మధ్య కూర్చుంటాను. ఆదివారం మా సంఘంలో కానుకల లెక్క రాస్తాను. మీకో ఉత్తరం రాయాలని చాలాకాలంగా అనిపి... చూశారా, నా కలం కూడా మీ మాటే వింటోంది. రాయాలని నిర్ణయించుకున్నాను.

ముందు మీ పుట్టుక సంగతి. హైస్కూల్లో మా తెలుగు మాస్టారు బెత్తంతో బల్ల మీద తాళం వేస్తూ “కి, కు, యొక్క, లో, లోపల షష్ఠి” అని వల్లె వేయించేవారు. ఆ ‘కు’ ఎంత పనిమంతురాలో అప్పట్లో తెలియలేదు. “నేను అనుకున్నాను” అంటే కర్త నేను. అనుకున్నది తప్పయితే చెంపలు వేసుకోవాల్సిందీ నేనే. అదే “నాకు అనిపించింది” అన్నామా, కర్త పరారీ! ఎవరో అనిపించారు, నాకు అనిపించింది. నేను పాపం వాకిట్లో నిలబడి పోస్టు అందుకున్నవాణ్ణి, అంతే. దొంగ సరుకు దొరికినా కేసు నా మీద పడదు. తెలుగులో ఇంత మంచి ముందస్తు బెయిలు ఇంకోటి లేదు.

ఒకప్పుడు మీకు చిన్న ఉద్యోగం ఉండేది. వాన వచ్చేలా అనిపిస్తోంది, కూరలో ఉప్పు తగ్గినట్టనిపిస్తోంది, ఈ చెప్పు కరిచేలా అనిపిస్తోంది. అంతవరకే. ఎవరూ మిమ్మల్ని పంచాయితీకి పెద్దగా కూర్చోబెట్టలేదు. ఇప్పుడో? హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు పండక్కి వచ్చాడు. తెలిసినవాళ్ల దగ్గర తెచ్చిన అప్పు మూడేళ్లయినా తీర్చలేదని, “తప్పు కదరా” అన్నాను. “మావయ్యా, ప్లీజ్, జడ్జ్ చేయకండి. మీ ట్రూత్ మీది, నా ట్రూత్ నాది” అన్నాడు. నేనేమీ వాదించలేదు. వెళ్లేటప్పుడు వాడు బెల్లం అడిగితే ముప్పావు కిలో తూచి ఇచ్చి, కిలో డబ్బులడిగాను. “ఇదేంటి మావయ్యా?” అన్నాడు. “నీ కిలో నీది, నా కిలో నాది” అన్నాను. ఒక్క క్షణంలో వాడికి పరమ సత్యం మీద ఎంత విశ్వాసం కలిగిందో! మా పాస్టరు గారు మూడు రోజులు ఉజ్జీవ కూటాలు పెట్టినా అంత రాదు.

కిలో అంటే గుర్తొచ్చింది. 1889 నుంచి 2019 మే 20 దాకా లోకానికంతటికీ కిలో అంటే పారిస్ దగ్గర మూడు గాజు మూతల కింద దాచిన ఒక ప్లాటినం, ఇరిడియం దిమ్మ అట. దానికి నకళ్లు తీసి దేశదేశాలకూ పంచారు. ఏళ్ల తరబడి పోల్చి చూస్తే అసలుకూ నకళ్లకూ మధ్య వేలిముద్ర అంటినంత బరువు తేడా కనబడింది. పెద్దపెద్ద శాస్త్రవేత్తలంతా కంగారుపడి, ఆ దిమ్మను పక్కనపెట్టి, ఎప్పటికీ మారని ప్రకృతి స్థిరాంకానికి కిలోను కట్టేశారు. మా అబ్బాయి ఇది చదివి వినిపించినప్పుడు నేను నవ్వాను. వేలిముద్రంత తేడాకే అంత భయపడ్డారు, నా గుండె ఒక్క పూటలో ఎంత జరుగుతుందో ఎవరైనా తూచారా? బైబిల్లో యిర్మీయా ప్రవక్త తూచాడు. “హృదయము అన్నిటికంటె మోసకరమైనది” అని రాసిపెట్టాడు. కానీ మీ రోజులు నడుస్తున్నాయి కదా, యిర్మీయాను జడ్జ్ చేసేవాళ్ల జాబితాలో వేశారు.

మీరు బయటి లోకంలో ఏం చేసుకున్నా నాకు ఇంత మంట ఉండేది కాదు. లోకం అంతే. నా మంటంతా మీరు మా చర్చిలోకి వచ్చి బాప్తిస్మం తీసుకోవడం మీద. పేరు కూడా మార్చుకున్నారు. బయట ‘అనిపించింది’, మా దగ్గర ‘సమాధానం వచ్చింది’. కొత్తవాళ్లకు తెలియకపోవచ్చు, మా బైబిల్లో సమాధానం అంటే జవాబు కాదు, శాంతి. “ప్రార్థన చేశానండీ, మనసులో సమాధానం వచ్చింది” అని ఎవరైనా అన్నారంటే ఇక ఆ మాటకు పైకోర్టు లేదు. దేవుడే సంతకం చేశాక మధ్యలో మనమెవరం?

మా చుట్టాల్లో ఒక అమ్మాయికి సంబంధం వచ్చింది. మధ్యవర్తిని నేనే కాబట్టి వాయిదాలన్నీ చూశాను. అబ్బాయి నర్సింగు చదివి ఉద్యోగంలో ఉన్నాడు, సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెబుతాడు, పైసా కట్నం వద్దన్నాడు. వాళ్లదీ మన విశ్వాసమే, కాకపోతే వాళ్ల తాతలు మన తాతల పేటలో ఉండేవాళ్లు కారు. “ప్రార్థించి చెబుతాం” అన్నారు. 21 రోజులు ఉపవాస ప్రార్థన పెట్టారు. 22వ రోజున ఆ పెద్దాయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, “సమాధానం రాలేదయ్యా” అన్నాడు. తర్వాతి నెలలో మన పేట సంబంధమే వచ్చింది. ఆ అబ్బాయి చర్చిలో కనబడేది క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి. కారుతో పాటు ఊరి పక్కన నాలుగు సెంట్ల స్థలం అడిగారు. కట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది కాబట్టి దాన్ని ‘ఆశీర్వాదం’ అన్నారు. సమాధానం రెండు రోజుల్లో వచ్చేసింది, అందులో ఒకటి ఆదివారం.

పెళ్లిలో పాస్టరు గారు “యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు” అని చదివారు. అందరం ఆమెన్ అన్నాం. నేనూ అన్నాను, భోజనాల ఏర్పాటు నాదే మరి. యాకోబు తన పత్రికలో, అంటే బైబిల్లో ఉన్న ఆయన ఉత్తరంలో, విశ్వాసం విషయంలో “మోమాటముగలవారై యుండకుడి” అన్నాడు. మన పాత అనువాదకులు పక్షపాతానికి వాడిన మాట అది. ఆ రోజు నాకున్నది పక్షపాతమో, మనమిప్పుడు అనుకునే మొహమాటమో తేలలేదు. మీరు మాత్రం రెంటికీ ఒకే కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

ఇదంతా ఏ గడ్డ మీద జరిగిందో గమనించారా? ఒంగోలు గడ్డ. 1866లో ఇక్కడ మకాం పెట్టిన అమెరికా మిషనరీ క్లౌ దొర దగ్గరికి పై కులాలవాళ్లు కొందరు ఆసక్తిగా వచ్చారు. అదే సమయంలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి తనవాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. “వాళ్లను చేర్చుకుంటే మేం రాం” అని పైవాళ్లు తెగేసి చెప్పారు. ఊరి పెద్దల ఆదరణ ఒక పక్క, ఊరి బయటివాళ్లు ఒక పక్క. మీరు అక్కడే ఉంటే ఏమని చెవిలో ఊదేవారో నాకు తెలుసు. దొర, దొరసాని చెరో గదిలో కూర్చుని బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయమే వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు, లోకంలో నీచులను, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే చోటు. పేరయ్యవాళ్లు లోపలికొచ్చారు, పైవాళ్లు వెళ్లిపోయారు.

తర్వాత 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. జనం రాలిపోతుంటే క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. వాళ్లలో ఎందరో బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఎముకల గూడులాంటి మనిషి చేతులు జోడించి అడిగితే ఎవరికైనా కరిగిపోవాలనే అనిపిస్తుంది. పైగా మిషనుకు లెక్క పెరుగుతుంది, ఇక సమాధానం పొంగి పొర్లదూ! ఆయన ఇవ్వలేదు. కూలి ఇచ్చాడు, గింజలిచ్చాడు, బాప్తిస్మం మాత్రం ఏడాది పైగా ఆపాడు. కూటి కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని. కూలి పని ముగిశాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది మునిగి లేచారు. ఆ మునిగినవాళ్ల మునిమనవలమే మేము. పెళ్లి ప్రకటనలో ‘క్రిస్టియన్’ పక్కన కులం పేరు రాయించేవాళ్లమూ మేమే.

డిసెంబరు 31 రాత్రి మా చర్చిలో వాగ్దాన కార్డులు పంచుతారు, కొత్త ఏడాదికి తలా ఒక బైబిలు వాక్యం అచ్చువేసినవి. బుట్టలో చెయ్యిపెట్టి తలా ఒకటి తీసుకుంటాం. “నిన్ను తలగా నియమించును”, “నీవు అప్పిచ్చెదవు గాని అప్పు చేయవు”, ఇలా వస్తాయి. ఇన్నేళ్లలో “దొంగత్రాసు యెహోవాకు హేయము” అనే కార్డు ఎవరి చేతికీ వచ్చిన దాఖలా లేదు. సామెతలు 11వ అధ్యాయం మొదటి వచనమే, వెతకడం కూడా కష్టం కాదు. అచ్చు వేసేవాళ్లకు సమాధానం రాలేదేమో.

ఆ కార్డు నాకు అవసరమయ్యే రోజు వచ్చింది.

మొన్న వేసవిలో కొట్టు సర్దుతుంటే బల్ల కింద నుంచి పాత ఇనప కిలో రాయి దొరికింది, ముద్ర ఉన్నదే. ఊరికే ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాను. ఎర్ర అంకెలు 1.020 దగ్గర ఆగాయి. తీసి మళ్లీ పెట్టాను. 1.020. అంటే నేను కిలో అని ఇస్తున్న ప్రతి పొట్లంలోనూ సుమారు ఇరవై గ్రాములు నాకే మిగులుతున్నాయి. ఎప్పటినుంచో దేవుడికే తెలియాలి. ఆ రాత్రి ప్రార్థించాను. అప్పుడు మీరొచ్చారు. ఎంత ఓదార్పుగా మాట్లాడారండీ! తరుగు లేదా? ఎలుకలు లేవా? అరువు ఎగ్గొట్టి వలస పోయినవాళ్లు లేరా? ఆ నష్టమంతా చూసి దేవుడే ఈ విధంగా సమకూరుస్తున్నాడేమో అన్నారు. అబద్ధమెందుకు, నిజంగానే సమాధానం వచ్చింది. కంటినిండా నిద్ర కూడా పట్టింది. ఆరు వారాలు అలాగే తూచాను.

ఆరో వారంలో మా ఆవిడ రాయినీ కాటానూ చూసింది. నేను సంగతంతా చెప్పి, సమాధానం వచ్చిన మాట కూడా చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లేరుతూ తలెత్తకుండా, “సమాధానం మీకొచ్చింది సరేనండీ, ఆ ఇరవై గ్రాములు పోయినవాళ్లకొచ్చిందా?” అంది.

దావీదు గుర్తొచ్చాడు. నాతాను ప్రవక్త వచ్చి, మంద నిండా గొర్రెలున్నవాడు పేదవాడి ఒక్క గొర్రెపిల్లను కోసుకున్నాడని చెప్పగానే రాజుగారికి ఎంత ధర్మాగ్రహం! వాడు మరణపాత్రుడన్నాడు. ఇప్పుడైతే దాన్ని వీడియో తీసి నాలుగు గ్రూపుల్లో పెట్టేవాడు. ఆ కోపమంతా నిజమైనదే, అందులో నటన లేదు. “ఆ మనుష్యుడవు నీవే” అనేదాకా, పక్కవాడి భార్యను తెచ్చుకుని వాణ్ణి చంపించిన తన సంగతి మాత్రం ఆయనకు తట్టనే లేదు. మీరు ఉప్పొంగించే కోపం ఎప్పుడూ వీధి అవతలి ఇంటివైపే తిరిగి ఉంటుందెందుకో.

మిమ్మల్ని ఊళ్లోంచి వెలేయమని నేననడం లేదు. లాజరు సమాధి దగ్గర “యేసు కన్నీళ్లు విడిచెను”. ఏడవడం ఆయనకు నామోషీ కాలేదు. కానీ సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఆయన సంగతి ఆలోచిస్తుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ప్రాణం మరణమగునంతగా దుఃఖం. చెమట రక్తబిందువుల్లా నేల మీద పడుతోంది. గిన్నె తొలగించమని అడిగాడు. మా పెద్దాయన భాషలో చెప్పాలంటే, ఆ రాత్రి ఆయనకు సమాధానం రాలేదు. రాలేదని లేచి ఇంటికి వెళ్లిపోలేదు. “నా యిష్టముకాదు, నీ చిత్తమే” అని సైనికులకు ఎదురు నడిచాడు. ఆ రాత్రి మీ మాట చెల్లి ఉంటే మాకు శుభ శుక్రవారం అనేదే ఉండేది కాదు, ఆదివారం నాకు కానుకల లెక్క ఉండేది కాదు.

కాటాను బాగుచేయించి ముద్ర వేయించాను. పోయిన గ్రాములు ఎవరెవరివో లెక్క తేలేది కాదు కాబట్టి, మా ఆవిడ ఒక పద్ధతి చెప్పింది. రెండు నెలలపాటు ప్రతి కిలోకీ ఇరవై గ్రాములకు తగ్గకుండా కొసరు వేస్తున్నాను. జనానికి కారణం తెలియదు. పేరు మాత్రం వచ్చేసింది. నిన్న సాయంత్రం రోజూ నూకలకొచ్చే అవ్వ కొసరు చూసి, కొంగులో మూట కట్టుకుంటూ, “నీ చెయ్యి చల్లనిదయ్యా అబ్బాయ్, దేవుడి బిడ్డవి” అంది. అవ్వా, ఇది దానం కాదు, నీ బాకీయే తీరుస్తున్నానని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. అప్పుడే మీరు నా భుజం మీద చెయ్యేసి, “పెద్ద మనిషి సంతోషపడుతోంది, ఇప్పుడెందుకులే” అన్నారు. చెప్పాలనిపించలేదు.

రేపు పొద్దున్నే ఆమె మళ్లీ వస్తుంది. ఎనిమిదింటికి. ఆ ఒక్క పావుగంట మీరు కొట్టు దరిదాపుల్లో లేకుండా ఉంటే మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
కొట్టువాడు