రబ్బరు తరఫున వకాల్తా

తెలుగులో చెప్పు కరుస్తుంది. కాలు చెప్పును కరిచినట్టు ఎక్కడా దాఖలా లేదు. తీర్పును ముందే క్రియాపదంలో రాసిపెట్టుకున్న భాషలో పాదరక్షలకు న్యాయం దొరకదు. ఆ పక్షపాతం ఇప్పుడు కెరటాల దాకా పాకింది. ఒంటితోనే కెరటం మీద జారే బాడీ సర్ఫింగ్‌కో, పొట్టి పలక మీద బోర్లా పడుకుని జారే బాడీబోర్డుకో కొత్త ఫిన్లు, అంటే కాళ్లకు తొడిగే రబ్బరు ఈత రెక్కలు, కొన్న ప్రతి మనిషీ మొదటి వారంలోనే ఫిర్యాదు పట్టుకొస్తాడు. వేలి కణుపుల మీద తోలు లేచింది, మడమ వెనక కందింది, అరికాలి వంపు మెలిపెట్టింది, పిక్క పట్టేసింది. ముద్దాయి రబ్బరు, ఫిర్యాదుదారు పాదం, ఏకైక సాక్షి కూడా పాదమే. నోరులేని ఆ ముద్దాయి తరఫున ఈ వ్యాసం వకాల్తా పుచ్చుకుంటోంది.

ఈ వ్యాజ్యం ఫిన్ల కన్నా పాతది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ బోస్టన్‌లో కుర్రాడిగా ఉన్నప్పుడు ఈతకోసం చేతులకు కోలగా రెండు చెక్క పలకలు చేసుకున్నాడు. సుమారు 10 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, బొటనవేలు దూరడానికి ఒక కన్నం. వేగం పెరిగింది, మణికట్లు అలిసిపోయాయి. అరికాళ్లకు కూడా చెప్పుల్లాంటివి కట్టి చూశాడు గానీ అవి నచ్చలేదు. అయితే ఆయన చెప్పును తిట్టి ఊరుకోలేదు. ఈతలో తోపు అరికాలితో మాత్రమే రాదని, పాదం లోపలి పక్కా చీలమండా కూడా నీటిని తోస్తాయని గమనించి, అవి అందుకే కుదరలేదని రాసిపెట్టాడు. కాలు ఆడే తీరుకూ తొడుగుకూ పొత్తు కుదరలేదన్నమాట. ఇంత నిష్పాక్షికమైన ఫిర్యాదుదారు మళ్లీ దొరకలేదు.

తర్వాత ఫ్రెంచి నౌకాదళ అధికారి లూయీ ద కోర్లియూ 1933లో ఈత రెక్కలకు పేటెంటు పొందాడు. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో తెరచాప పడవల పందెంలో స్వర్ణం గెలిచిన ఓవెన్ చర్చిల్ 1940 ప్రాంతంలో రబ్బరు ఫిన్లను బజారుకు తెచ్చాడు. ఆయన పేరుతో కెరటాల ఫిన్లు ఇప్పటికీ అమ్ముతున్నారు. పాదం దూరే గూడు, మడమ వెనక పట్టీ, ముందు నీటిని తోసే పొట్టి బ్లేడు. ఇన్నేళ్లలో రూపం పెద్దగా మారలేదు. ఫిర్యాదు అసలే మారలేదు.

బ్లేడు పొట్టిగా, బిరుసుగా ఎందుకుంటుందో ఫిర్యాదుదారులు అడగరు. గాలి సిలిండరుతో నీటి అడుగున ఈదే స్కూబా మనిషికి నిదానంగా ఎంతోసేపు సాగాలి కాబట్టి పొడుగు రెక్కలు సరిపోతాయి. కెరటం పట్టేవాడికి కావలసింది మూడు నాలుగు సెకన్ల దూకుడు. కెరటం వీపు కిందికి వచ్చే వేళకు ఒంటి వేగం దాని వేగానికి దగ్గర పడాలి. ఆ నాలుగు తన్నుల్లో బ్లేడు కాగితంలా ముడుచుకుపోతే కెరటం మనల్ని వదిలేసి తన దారిన తాను పోతుంది. కాబట్టి గట్టితనం ముద్దాయి నేరం కాదు, డబ్బిచ్చి కొనుక్కున్న సరుకు. మెత్తటి ఫిన్ను కొని తోపు లేదనడం, గట్టిది కొని నొప్పి అనడం, రెండూ ఒకే నోటితో జరుగుతున్నాయి.

ఇక అసలు వాదన. కొత్త ఫిన్లను మచ్చిక చేసుకోవాలి, తొడగ్గా తొడగ్గా అవి పాదం ఆకారానికి వస్తాయి అని లోకంలో ఒక గట్టి నమ్మకం. ఇది తోలు చెప్పుల కాలం నాటి నమ్మకం. తోలులోని పోగులు తడికి, ఒత్తిడికి ఒకదాని మీద ఒకటి జారి అక్కడే స్థిరపడతాయి, అందుకే తోలు చెప్పు పాదాన్ని గుర్తుపెట్టుకుంటుంది. రబ్బరు గుర్తుపెట్టుకునేది పాదాన్ని కాదు, తన అచ్చును. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి కాచిన రబ్బరు గుట్టు ఇదే. గంధకం రబ్బరు పోగుల మధ్య ముడులు వేస్తుంది, లాగితే సాగుతాయి, వదిలితే ఆ ముడులే వెనక్కి లాగేస్తాయి. సాగి తిరిగి రావడమే దాని ఉద్యోగం. మొదటి కొన్ని వంపుల్లో కొద్దిగా బిరుసు తగ్గుతుంది, నిజమే. ఆ మాత్రం రాయితీ ఇచ్చాక అది ఇక దిగిరాదు. రెండు నెలల తర్వాత "ఫిన్లు మెత్తబడ్డాయి" అని మురిసిపోయేవాడి మడమ మీద చర్మం మందమెక్కి ఉంటుంది, పిక్కలో కండ పెరిగి ఉంటుంది. మచ్చికైనది ఎవరో ఆ మడమను అడిగితే తెలుస్తుంది.

ఈ సంగతి తెలియక ముద్దాయి మీద జరిగే చిత్రహింసలు అన్నీ ఇన్నీ కావు. గూట్లో టెన్నిస్ బంతులు కుక్కి రాత్రంతా వదిలేస్తారు. తెల్లారి బంతి తీస్తే ముద్దాయి యథాస్థానానికి వస్తుంది. బ్లేడు వంచి ఇటుక పెడతారు. మసిలే నీళ్లలో ముంచుతారు. చాలా ఫిన్లలో బ్లేడుకు గట్టి రబ్బరు, గూటికి మెత్తటి రబ్బరు కలిపి పోస్తారు. మితిమీరిన వేడి ఆ అతుకుకు మంచిది కాదు, ఆకారానికీ మంచిది కాదు. చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లలో పది నిమిషాలుంచి, మేజోళ్లతో తొడుక్కుని మరో పది నిమిషాలు కూర్చుంటే తప్పు లేదు. గూడు కాసేపు లొంగుతుంది, చల్లారాక మళ్లీ బిగుస్తుంది. ఆ కాసేపట్లో తెలిసేదేమిటంటే నొక్కుతున్న చోటు ఏది అని. అంతకు మించి ఆశించకండి.

నేరం నిజంగా జరిగేది కొనేచోట. పొద్దున్నే, పొడి పాదంతో, నిలబడి, ఒక్క కాలికి తొడిగి "సరిపోయింది" అనేస్తారు. పాదం సాయంత్రానికి కొంచెం ఉబ్బుతుంది కాబట్టి కొలత చూడాల్సింది సాయంత్రం. రెండు పాదాలూ ఒక కొలత కావు కాబట్టి రెండూ తొడిగి చూడాలి, పెద్దదాని మాట నెగ్గాలి. మేజోళ్లు వాడే ఉద్దేశం ఉంటే వాటితోనే చూడాలి. చాలా ఫిన్లు ఒక్కో సైజులో రెండేసి బూటు నంబర్లను కలిపేస్తాయి. సరిగ్గా సరిహద్దు మీద పడ్డవాడికి సూత్రం సులువు: ఉత్త కాలికైతే చిన్నది, నియోప్రీన్ అనే స్పాంజిలాంటి కృత్రిమ రబ్బరు మేజోళ్లతోనైతే పెద్దది.

పరీక్ష ఇలా. కూర్చుని పాదం తడిపి తొడగండి, పట్టీ మడమ మీదికి లాగండి. పట్టీ కింద ఒక వేలు దూరాలి, రెండు వేళ్లు హాయిగా దూరకూడదు. కాలు గాల్లో ఎత్తి గట్టిగా విదిలించండి. ఫిన్ను పాదంతో కలిసి కదలాలి, పాదం తర్వాత కదలకూడదు. అలాగే ఐదు నిమిషాలు కూర్చోండి, ఈ ఐదు నిమిషాల ఓపిక ఎవరికీ ఉండదు. వేళ్లు తిమ్మిరెక్కితే చిన్నది. అరికాలి వంపు దగ్గర ఎవరో గిల్లుతున్నట్టుంటే అది రేపు నీళ్లలో కొంకర్లుగా మారే గిల్లుడు. మడమ కింద ఖాళీ ఉంటే పెద్దది. బిగుతుదానికంటే వదులుదే ఎక్కువ బొబ్బలు తెస్తుందని చెబితే ఫిర్యాదుదారులు నమ్మరు. బొబ్బ పుట్టేది ఒత్తిడి వల్ల కన్నా రాపిడి వల్ల. వదులు గూడు ప్రతి తన్నుకూ ఒకసారి జారుతుంది. అరగంటలో ఎన్ని తన్నులో ఎవరికి వారే లెక్కేసుకోవచ్చు.

ముద్దాయికి వ్యతిరేకంగా ఒక్కటి ఒప్పుకోక తప్పదు. అచ్చు రెండు భాగాలు కలిసిన చోట సన్నని రబ్బరు అంచు మిగిలిపోతుంది. కంటికి ఆనదు. గూడు లోపల, ముఖ్యంగా వేళ్ల పైభాగం ఆనుకునే చోటా పట్టీ లోపలి వైపూ వేలితో తడిమి చూస్తే తగులుతుంది. దాన్ని 220 నంబరు గరుకు కాగితం తడిపి మెల్లగా రుద్ది, 400తో నునుపు చేయాలి. కత్తితో కోయకూడదు. కత్తి గాటు దగ్గరే రేపు చిరుగు మొదలవుతుంది. ఇరవై నిమిషాల పని. దీన్ని చేయకుండా మూడు నెలలు ఫిర్యాదు చేసేవాళ్లకు ఈ వ్యాసం ఎలాంటి సానుభూతీ ప్రకటించదు.

ఈ కేసులో ఎవరూ సమన్లు పంపని అసలు నేరస్థుడు ఇసుక. ఒడ్డున కూర్చుని, ఇసుక పాదంతో, ఇసుక గూట్లోకి కాలు దోపి, గరుకు కాగితంతో కాళ్లు తోముకుంటూ నీళ్లలోకి నడిచి, చివరికి రబ్బరును తిడతారు. పైగా ఆ నడక! ఫిన్లతో ముందుకు నడిస్తే బ్లేడు కొస ఇసుకలో గుచ్చుకుంటుంది, మనిషి బోర్లా పడతాడు. సరైన పద్ధతి ఫిన్లు చేత్తో పట్టుకుని నడుం లోతుకు వెళ్లడం, రెండు కెరటాల మధ్య పాదమూ గూడూ నీళ్లలో కడగడం, పట్టీని వెనక్కి తిప్పి పాదం లోపలికంటా తోసి, ఆ తర్వాత పట్టీ మడమ మీదికి లాగడం. కుడి ఎడమల తేడా ఉన్న రకమైతే ఒడ్డునే చూసుకుని పట్టుకోవాలి, నురగలో అక్షరాలు చదవలేం. ఫిన్లతోనే నడవాల్సి వస్తే వెనక్కి నడవాలి, మెడ మాత్రం కెరటాల వైపు తిప్పి ఉంచాలి. కెరటానికి పూర్తిగా వీపు చూపడం దాని దగ్గర చెల్లే మర్యాద కాదు.

రాపిడికి విరుగుడుగా కొందరు పెట్రోలియం జెల్లీ దట్టంగా పూస్తారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది ఇదే. ఖనిజ నూనెలు సహజ రబ్బరును ఉబ్బించి, నెమ్మదిగా జిగురుగా, బలహీనంగా చేస్తాయి. చర్మం రక్షణలో ఉంటుంది, గూడు అనాథ అవుతుంది. సిలికాన్ పూతగానీ నీటి ఆధారిత జెల్లుగానీ రబ్బరు జోలికి పోవు. ఇంకా మంచిది రెండు మిల్లీమీటర్ల నియోప్రీన్ మేజోళ్లు. టేపు వేసేవాళ్లు పొడి కాలికి, నీళ్లలోకి దిగకముందు, కణుపుల మీదా మడమ వెనకా వేయాలి. తడిశాక వేసిన టేపు రెండో కెరటానికి సముద్రుడికి కానుక.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. కొత్త ఫిన్లవాడూ అంతే, మొదటి రోజే రెండు గంటలు. ఇరవై నిమిషాలు దాటాక నానిన చర్మం మెత్తబడి, ఎండిన చర్మం కంటే తొందరగా లేస్తుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మాటను ఇక్కడ అక్షరాలా పాటించవచ్చు. మొదట ఈతకొలనులో పావుగంట, రెండు రోజులు విరామం, మళ్లీ ఇరవై నిమిషాలు. తర్వాత కెరటాలు లేని నీళ్లు, ఆ తర్వాత మోకాలెత్తు నురగ. ఎక్కడైనా మంటగా, వేడిగా అనిపించిన క్షణంలో బయటికి రావాలి. ఆ మంట బొబ్బ పంపిన తాఖీదు, ఇంకో పది నిమిషాలంటే బొబ్బే వస్తుంది. పగిలిన బొబ్బ మీద ఉప్పునీళ్లు పడితే ఎలా ఉంటుందో వర్ణించడానికి ఈ పత్రిక మర్యాద ఒప్పుకోదు.

పిక్క పట్టేయడం మీద కూడా రబ్బరుకు క్లీన్‌చిట్ ఇవ్వాలి. ఫిన్నుతో సైకిల్ తొక్కేవాళ్లు ఎక్కువ. మోకాలు మడిచి, ముందుకు తోసి, వెనక్కి లాగి... బ్లేడు నీటిని కోస్తుందే గానీ తోయదు. ఫ్రాంక్లిన్ పడ్డ చిక్కు కూడా ఈ కోవలోదే. తన్ను తుంటి నుంచి రావాలి, మోకాలు కాస్త సడలి ఉండాలి, చీలమండ వదులుగా, వేళ్లు వెనక్కి చాచి ఉండాలి, బ్లేడు నీటి పైకి తేలకూడదు. పైకి లేచి చప్పుడు చేసే బ్లేడు గాలిని ఈదుతోంది. అయినా పిక్క పట్టేస్తే కంగారుపడకుండా వెల్లకిలా తేలి, మోకాలు చాచి, ఫిన్ను కొస పట్టుకుని మోకాలి వైపు లాక్కోవాలి. అప్పటిదాకా శాపనార్థాలు తిన్న బ్లేడు ఇక్కడ చక్కటి పిడిలా అక్కరకొస్తుంది. ఈ సాక్ష్యాన్ని ప్రత్యేకంగా నమోదు చేయవలసిందిగా మనవి.

మొదటి రోజు నుంచే ఫిన్నును చీలమండకు కట్టే తాడు వేసుకోవాలి. "తేలే రకమే కదా" అని ధీమా పడేవాళ్లు ముందుగా బకెట్టు మంచినీళ్లలో వేసి చూడాలి. మంచినీళ్లలో తేలితే సముద్రంలోనూ తేలుతుంది, ఉప్పునీళ్ల సాంద్రత ఎక్కువ కాబట్టి. బకెట్లో మునిగిందంటే సముద్రంలో అనుమానమే. తేలినా తెల్లటి నురగలో నల్లటి ముక్క ఎటు పోయిందో కనిపెట్టడం మరో విద్య. ఒక్క ఫిన్ను మిగిలినవాడు ఎంత గట్టిగా తన్నినా ఒక పక్కకే తిరుగుతుంటాడు, ఒడ్డు నుంచి చూసినవాళ్లకు అది సాధనలా కనిపిస్తుంది.

ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఎండ, గాలిలోని ఓజోను రెండూ రబ్బరుకు పగుళ్లు తెస్తాయి. కారు డిక్కీలో వదిలేస్తే వేడికి బ్లేడు వంకర పోతుంది, గోడకు బ్లేడు మీద చాలాకాలం నిలబెడితే వంపు అలాగే మిగులుతుంది. చల్లారిన పాల మీద మీగడలా పైన తెల్లటి పొర కడితే బూజనుకుని బ్రష్షు పట్టకండి, లోపల కలిపిన మైనం పైకి వచ్చి ఓజోను నుంచి రబ్బరును కాపాడుతోంది. అప్పుడప్పుడు పట్టీ గూటికి అతుక్కునే మొదలును వంచి చూడాలి. సన్నటి గీతలు కనిపిస్తే రోజులు దగ్గరపడ్డాయని అర్థం. సాధారణంగా ఆ గీతలు కనిపించేది మడమ మీద చర్మం బాగా మందమెక్కి, "ఆహా, ఇప్పటికి దారికొచ్చాయి" అని నలుగురికీ చెప్పుకుంటున్న వారంలోనే. మరుసటి వారం కొత్త జత వస్తుంది, పొయ్యి మీద నీళ్లు మసులుతూ ఉంటాయి.